చీమకు చేతిరుమాలే ఆకాశం: బయట తీసే క్లోజప్ ఫోటోలకు చేతిలో ఉన్నవాటితోనే వెలుగు

మీరు రాసినదాంట్లో మూడు కష్టాలు ఉన్నాయి. ఎండలో తీస్తే పువ్వు మీద నీడలు కత్తితో కోసినట్టు పడుతున్నాయి. నీడలోకి వెళ్తే షట్టర్ నెమ్మదించి ఫోటో కదిలిపోతోంది. పోనీ అని కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్ వేస్తే పెంకు పురుగు వీపు మీద తెల్లటి మచ్చ, ఫ్రేమ్ అడుగున లెన్స్ నీడ. చివర్లో "రింగ్ ఫ్లాష్ (లెన్స్ చుట్టూ ఉంగరంలా బిగించే ఫ్లాష్) కొనాలా, ఇంట్లో ఉన్న వస్తువులతో ఏమైనా కుదురుతుందా?" అని అడిగారు. కుదురుతుంది. పదిహేనేళ్లుగా పురుగుల వెనకాల, పుట్టగొడుగుల పక్కన బోర్లా పడుకుని ఫోటోలు తీస్తున్నాను. ఈ రోజుకీ నా సంచిలోంచి ఎక్కువసార్లు బయటికొచ్చేది నాలుగు మడతలు పెట్టిన ట్రేసింగ్ పేపరే.

రింగ్ ఫ్లాష్ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఒక చిన్న లెక్క చూడండి. అది బుర్రకెక్కితే మిగతా చిట్కాలు మీకు మీరే కనిపెట్టుకోగలరు. సూర్యుడు ఎంత పెద్దవాడైనా, భూమి మీద నుంచి చూస్తే ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే ఉంటాడు. చేయి చాచి చిటికెన వేలు అడ్డం పెడితే, ఆ వేలి వెడల్పులో సగం. అంత చిన్న చోటు నుంచి వెలుగంతా వస్తుంది కాబట్టే నీడ అంచు అంత పదును. మబ్బు పట్టిందంటే ఆకాశమంతా ఒకే దీపం అయిపోతుంది, నీడలు కరిగిపోతాయి. అంటే వస్తువు దగ్గర నిలబడి చూస్తే దీపం ఎంత మేర పరుచుకుని కనిపిస్తుందో, వెలుగు అంత మెత్తన.

మనుషుల్ని తీసేవాళ్లకి ఈ మెత్తదనం కావాలంటే మంచం దుప్పటంత గుడ్డ కావాలి, దాన్ని పట్టుకోవడానికి ఇద్దరు సాయం కావాలి. మనం తీసేది సెంటీమీటరు పురుగు. దానికి 10 సెంటీమీటర్ల దూరంలో 20 సెంటీమీటర్ల కాగితం పట్టుకుంటే, పురుగు వైపు నుంచి ఆ కాగితం 90 డిగ్రీలు పరుచుకుంటుంది, అంటే ఆ అంచు నుంచి ఈ అంచు దాకా ఉన్న ఆకాశంలో సగం. అదే కాగితాన్ని మీటరు దూరం జరిపితే 11 డిగ్రీలకు పడిపోతుంది. చీమకు చేతిరుమాలే ఆకాశం, కాకపోతే ఆ రుమాలు దాని నెత్తి మీదే ఉండాలి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తెచ్చిన డిఫ్యూజర్ (వెలుగును మెత్తబరిచే ఇలాంటి తెర) మంచిదే అయినా వెలుగు గట్టిగా వస్తోందంటే, పదిలో తొమ్మిదిసార్లు కారణం దాన్ని దూరంగా పట్టుకోవడమే.

ఎండ సంగతి ముందు తేల్చేద్దాం. కాగితాన్ని సూర్యుడికీ పువ్వుకీ మధ్య, ఫ్రేమ్‌లోకి రానంత దగ్గరగా పట్టుకోండి. ట్రేసింగ్ పేపర్ పలచగా ఉంటుంది, వెలుగు ఎక్కువ పోనిస్తుంది, నీడల్లో కొంచెం పదును మిగులుతుంది. పాత తెల్ల నూలు బట్ట ఇంకా మెత్తగా చేస్తుంది కానీ వెలుగు బాగా తింటుంది. పొద్దున్నే మంచులో తిరిగితే కాగితం తడిసి ముడతలు పడి చేతికి అంటుకుపోతుంది. అలాంటప్పుడు పింగాణీ సామాన్లకి చుట్టి వచ్చే తెల్లటి పలచటి ఫోమ్ షీటు చూడండి. తడవదు, చిరగదు, చుట్టచుట్టి జేబులో పెట్టుకోవచ్చు. దాన్ని పారేసేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు. ఎంబ్రాయిడరీకి వాడే గుండ్రటి ఫ్రేమ్‌లో తెల్ల బట్ట బిగిస్తే గాలికి ఊగని డిఫ్యూజర్ తయారవుతుంది. పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు కాబట్టి, ఒక కర్రపుల్ల నేలలో గుచ్చి దానికి బట్టల క్లిప్పుతో తగిలించండి.

ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. కాగితం పువ్వుకు అడ్డం పెట్టారు, వెనకున్న గడ్డి మాత్రం అలాగే ఎండలో ఉంది. కాగితం ఒకటి రెండు స్టాప్‌ల వెలుగు తినేసింది (వెలుగు సగానికి తగ్గితే ఒక స్టాప్ తగ్గినట్టు). పువ్వుకు సరిపోయేలా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి రానిచ్చే వెలుగు మోతాదు) పెంచితే వెనకున్న గడ్డి తెల్లగా పేలిపోతుంది. పువ్వు మెత్తగా అందంగా వచ్చినా ఫోటో ఎందుకో పాలిపోయినట్టు ఉందని మీకు అనిపిస్తే, చూడాల్సింది వెనక్కే. కెమెరా కోణం కొంచెం మార్చి వెనకాల చెట్టు నీడ వచ్చేలా చూసుకోండి. అది కుదరకపోతే మీ సంచి, టోపీ, ఆఖరికి మీ నీడైనా ఆ గడ్డి మీద పడేలా చేయండి. నల్ల గొడుగు దీనికి భలే పనికొస్తుంది: తెరిచి వెనకాల ఆనించి పెడితే ఎండనీ ఆపుతుంది, గాలినీ ఆపుతుంది. వాన వస్తే గొడుగు పని కూడా చేస్తుంది.

ఇంకోటి, పురుగుల మీద అకస్మాత్తుగా నీడ పడిందంటే పక్షి వచ్చిందనుకుని ఎగిరిపోతాయి. సీతాకోకచిలుక రెక్కలు విప్పి ఎండ కాచుకుంటున్నప్పుడు పైనుంచి కాగితం దించితే, మీకు మిగిలేది ఖాళీ ఆకు. కాగితాన్ని పక్క నుంచి, కింది ఎత్తులో, నిమిషం పాటు నెమ్మదిగా తీసుకురండి. తెల్లవారుజామున అయితే ఈ బాధ తక్కువ. చలికి వాటి కండరాలు ఇంకా వేడెక్కవు కాబట్టి తూనీగలైనా కాసేపు కదలకుండా కూర్చుంటాయి.

ఇప్పుడు నీడ సంగతి. షట్టర్ నెమ్మదించడం మీ చేతకానితనం కాదు, లెక్కే అలా ఉంది. మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ ఎంత సున్నితమో చెప్పే అంకె) 100, అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) ఎఫ్/16 పెడితే షట్టర్ దాదాపు సెకనులో 1/100 వంతు అన్నది పాత సూత్రం. పురుగు తన అసలు సైజులోనే సెన్సర్ మీద పడే 1:1 దగ్గరకి వెళ్తే, లెన్స్ నుంచి సెన్సర్‌కి చేరే వెలుగు రెండు స్టాప్‌లు తగ్గుతుంది. అంటే అదే ఎండలో 1/25. నీడలోకి వెళ్తే ఇంకో మూడు స్టాప్‌లు పోయి సెకనులో మూడోవంతుకు చేరతారు. ఐఎస్ఓ 800 పెట్టినా మళ్లీ 1/25 దగ్గరే ఉంటారు. పోనీ అపర్చర్ తెరుద్దామంటే, ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో (పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్నది) 1:1 దగ్గర ఎఫ్/11 కి ఫోకస్‌లో ఉండే మందం సుమారు 1.3 మిల్లీమీటర్లే. కంటికి ఫోకస్ ఉంటే మీసాలకి ఉండదు. అందుకే నీడలో పని మొత్తం బయటినుంచి వెలుగు అరువు తెచ్చుకోవడం మీదే నడుస్తుంది.

అరువు ఎక్కడ దొరుకుతుంది? నీడ ఉన్నచోట సాధారణంగా రెండు మూడు మీటర్ల దూరంలో ఎండ ముక్క ఒకటి నేల మీద పడి ఉంటుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని ఒకసారి ఉండలా నలిపి, మళ్లీ విప్పి, పుస్తకం అంత అట్టముక్క మీద అంటించండి. నలపకుండా అంటిస్తే అది అద్దంలా మచ్చలు మచ్చలుగా వెలుగు కొడుతుంది. నలిపితే వందల చిన్న చిన్న అద్దాలై వెలుగును చెదరగొడుతుంది. అట్ట రెండోవైపు తెల్ల కాగితం అంటిస్తే ఒకే అట్టతో రెండు పనులు జరుగుతాయి: దూరం నుంచి ఫాయిల్, దగ్గర్నుంచి తెలుపు. చిప్స్ ప్యాకెట్ లోపలి వెండి రంగు వైపు కూడా వాడాను, బాగానే పనిచేసింది. కాకపోతే ఆ నూనె వాసనకి చీమలు ఆ రిఫ్లెక్టర్ (వెలుగును తిప్పికొట్టే అట్ట) మీదికే ఎక్కాయి, తీయాల్సినవాటిని వదిలేసి!

నాకు బాగా ఇష్టమైన ఏర్పాటు అద్దం, కాగితం కలిపి చేసేది. దుంగ మొదట్లో నీడలో గోటి సైజు పుట్టగొడుగులు నాలుగు ఉన్నాయనుకోండి. వాటికి ఎడమ పక్క ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో ట్రేసింగ్ పేపరును నిలబెట్టండి. మూడు మీటర్ల అవతల ఎండలో చిన్న చేతి అద్దాన్ని రాయికి ఆనించి, దాని వెలుగు సరిగ్గా ఆ కాగితం వెనక పడేలా తిప్పండి. కాగితం ఒక్కసారిగా వెలిగి కిటికీలా మారుతుంది. పుట్టగొడుగు గొడుగు కింద పొరలు పొరలుగా ఉండే మొప్పల్లోకి ఆ పక్కవెలుగు దూరుతుంటే, అంతవరకు బూడిదరంగు ముద్దలా ఉన్నది కాస్తా గీత గీతగా విడిపోయి కనిపిస్తుంది. రెండో పక్క నల్లగా ఉండిపోతే తెల్ల అట్ట ఒకటి పెడితే చాలు. సూర్యుడు ఆగడు కదా, అద్దాన్ని కదపకుండా వదిలేస్తే మూడు మీటర్ల దూరంలో ఆ వెలుగు ముద్ద నాలుగు నిమిషాలకు సుమారు 5 సెంటీమీటర్లు పక్కకి జారుతుంది. కాబట్టి ముందు ఫ్రేమ్, ఫోకస్ అన్నీ సరిచేసుకుని అద్దం పని చివర్లో పెట్టుకోండి. అద్దం వెలుగుని నేరుగా పురుగు మీద, మొగ్గ మీద పెట్టొద్దు. వాడిపోతాయి, వేడికి పురుగు చచ్చిపోనూవచ్చు. మేకప్‌కి వాడే లోపలికి వంగిన అద్దమైతే అసలు తీసుకెళ్లకండి, ఎండుటాకులున్నచోట మంటే అంటుకోవచ్చు.

రంగు గురించి ఒక అనుభవం చెప్తాను. ఓసారి తెల్లటి పుట్టగొడుగుని గంటసేపు తీశాను. ఇంటికొచ్చి చూస్తే దాని అడుగంతా లేత నారింజ రంగు. కొత్త రకమేదో దొరికిందని సంబరపడి, రంగు వివరంతో సహా నోట్సు కూడా రాసుకున్నాను. రెండ్రోజుల తర్వాత ఇంకో ఫోటోలో నా మోచేయి పడి ఉంటే అప్పుడు అర్థమైంది: ఆ రోజు నేను వేసుకున్నది నారింజ రంగు టీషర్టు. నేను దాని ముందు బోర్లా పడుకుని ఉన్నాను, పుట్టగొడుగుకి నేనే రిఫ్లెక్టర్‌ని. అప్పట్నుంచి ఈ పనికి వెళ్తే బూడిద రంగు చొక్కానే. చెట్ల కింద ఆకుల్లోంచి వడకట్టిన వెలుగు పచ్చగా ఉంటుంది, నీలాకాశం కింది నీడ నీలంగా ఉంటుంది. దానికి మీ ఎండ రిఫ్లెక్టర్ కలిస్తే ఒకవైపు నీలం, ఒకవైపు పసుపు. కొంచెం ఉంటే బావుంటుంది, పొద్దుటి ఎండలా అనిపిస్తుంది. ఎక్కువైతే సరిదిద్దడం కష్టం. ఏర్పాటంతా అయ్యాక పురుగు ఉన్నచోటే అదే తెల్ల కాగితం ముక్క పెట్టి ఒక ఫోటో తీసి ఉంచుకుంటే, ఇంటికొచ్చాక వైట్ బ్యాలెన్స్‌కి (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సరిచేయడానికి) తడుముకోనక్కర్లేదు.

మబ్బు రోజున అందరూ "ఆహా, మెత్తటి వెలుగు" అంటారు. నిజమే, కానీ అన్ని వైపుల నుంచీ వచ్చే వెలుగులో తెల్ల పువ్వు పిండిముద్దలా వస్తుంది. రేకుల మీద మడత ఎక్కడుందో కూడా తెలియదు. ఆ రోజు మీకు కావాల్సింది నలుపు. పువ్వుకి ఒక పక్కన, ఫ్రేమ్ అంచు దాకా నల్ల గుడ్డ గానీ నల్ల సంచి గానీ పెట్టి చూడండి. ఆ పక్క ఆకాశం మూసుకుపోతుంది, రేకులు అటువైపు నీడదేరి వంపు కనిపిస్తుంది. వెలుగు తెచ్చుకోవడం ఎంత అవసరమో ఆపడం కూడా అంతే అవసరమని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

వెనక వెలుగు ఇంకో లోకం. ఆకు ఈనెలు, తూనీగ రెక్కలు, కాడల మీద నూగు, సాలెగూడు, వీటన్నింటికీ ముందు నుంచి ఎంత వెలుగు పోసినా దండగ. సూర్యుడు వస్తువు వెనక, కొంచెం పక్కగా ఉండాలి, దాని వెనక నేపథ్యం చీకటిగా ఉండాలి. సాలెగూడు మీద మంచు పడ్డ పొద్దున ఎండకి ఎదురుగా కూర్చుని, గూడు వెనక రెండు మూడు మీటర్ల దూరంలో ఏదైనా నీడ ముద్ద వచ్చేలా తల అటూ ఇటూ జరపండి. ఒకచోట గూడు మొత్తం ఒక్కసారి వెలుగుతుంది. ఆ చోటు అరచేతి వెడల్పే ఉంటుంది, అక్కడే కెమెరా. లెన్స్ మీద నేరుగా ఎండ పడకుండా టోపీతో నీడ పట్టండి, లేకపోతే ఫోటో అంతా పొగ పట్టినట్టు వస్తుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885లో మైక్రోస్కోపుకి కెమెరా బిగించి మంచు స్ఫటికాన్ని ఫోటో తీశాడు. తర్వాత జీవితమంతా అలాంటివి 5,000కు పైగా తీశాడు. వాటి వెనక నుంచి వచ్చేది మామూలు పగటి వెలుగే. నేపథ్యం నల్లగా కావాలని నెగటివ్ మీద స్ఫటికం చుట్టూ ఉన్న పూతని చాకుతో గీకేసేవాడట. మనకి నల్ల గొడుగు పెట్టుకోవడం అంత కష్టమా!

ఇక మీ పెంకు పురుగు. అసలు చిక్కు ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. పెంకు పురుగు వీపు నున్నటి కుంభాకార అద్దం. దాని మీద మెరిసేది పురుగు రంగు కాదు, మీ దీపం ప్రతిబింబం. చిన్న ఫ్లాష్ వేస్తే చిన్న, కళ్లు చెదిరే తెల్ల చుక్క. దాని పక్కనే నలుపు. దీపం పెద్దదైతే అదే వెలుగు వీపు మీద పలచగా పరుచుకుని, లోపలి రంగు కనిపిస్తూ, గుండ్రదనం తెలుస్తుంది. అంటే ఫ్లాష్ బలం తగ్గించడం వల్ల ఆ మచ్చ పోదు, చిన్న మచ్చ అలాగే ఉంటుంది, చుట్టూ ఇంకా చీకటి అవుతుంది. మచ్చని పెద్దది చేయడమే మందు.

దీన్ని పురుగుల మీద నేర్చుకోకండి, పాపం అవి ఎగిరిపోతాయి, మీకు టెన్షన్ వస్తుంది. ఒక స్టీలు చెంచా తీసుకుని దాని వెనక వైపుని పురుగు అనుకోండి. ఫ్లాష్ వేసి తీసి, చెంచా మీద కనిపించే తెల్లటి ఆకారాన్ని పెద్దది చేసి చూడండి. ఒక్క పొర కాగితమే ఉంటే, కాగితం ఆకారం బూడిద రంగులో, దాని మధ్యలో మండుతున్న చుక్క ఒకటి కనిపిస్తుంది. ఆ చుక్క ఫ్లాష్ తల. ఇప్పుడు ఫ్లాష్‌కి దగ్గరగా ఒక చిన్న పొర, దానికి నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ వదిలి ముందు ఇంకో పెద్ద పొర పెట్టి మళ్లీ తీయండి. చుక్క కరిగి కాగితమంతా ఒకే తెలుపవుతుంది. రెండు పొరల్ని అంటించి మందం చేస్తే ఇంత ఫలితం రాదు. మధ్యలో ఉన్న ఆ ఖాళీలోనే వెలుగు విచ్చుకుంటుంది. నేను మార్చిన డిఫ్యూజర్లు డజను దాకా ఉంటాయి, అన్నీ చెంచా పరీక్ష పాసయ్యాకే బయటికి వెళ్లాయి.

కెమెరా మీది చిన్న ఫ్లాష్‌తోనే పని జరగాలంటే, ముందు లెన్స్ హుడ్ (లెన్స్ మూతికి తొడిగే గొట్టంలాంటి అంచు) తీసేయండి. ఫ్రేమ్ అడుగున పడే నీడలో సగం దానిదే. తర్వాత ఏ4 సైజు ఫోమ్ షీటుకి లెన్స్ చుట్టుకొలతంత రంధ్రం కోసి, లెన్స్ ముందు భాగానికి తొడగండి. పై భాగం ఫ్లాష్‌కి ఎదురుగా వచ్చి ముందుకి, పురుగు వైపుకి వంగి ఉండాలి, చూరులాగ. ఫ్లాష్ వెలుగు ఆ చూరుని వెలిగిస్తుంది, చూరు పురుగుని వెలిగిస్తుంది. పొడవాటి చిప్స్ డబ్బా వాడేవాళ్లూ ఉన్నారు. డబ్బా లోపల వెండి పూత ఉంటుంది కాబట్టి వెలుగు ఫ్లాష్ నుంచి లెన్స్ కొస దాకా పారుతుంది, చివర్లో కాగితం మూత పెడతారు. పనిచేస్తుంది, కానీ డబ్బా మూతి చిన్నది, పెంకు పురుగు మీద మళ్లీ చిన్న గుండ్రటి మచ్చే. మెరవని పురుగులకి, నాచుకి సరిపోతుంది.

విడి ఫ్లాష్ పాతది ఏదైనా దొరికితే మాత్రం వదలకండి. ఆటోమేటిక్ ఏమీ లేకపోయినా, చేత్తో బలం మార్చుకునే వీలుంటే చాలు. దగ్గరి పనికి పూర్తి బలం అక్కర్లేదు, సాధారణంగా 1/16, 1/32 చాలు. దానివల్ల ఒక పెద్ద లాభం ఉంది: బలం తగ్గిస్తే మెరుపు వ్యవధి కూడా తగ్గుతుంది. పూర్తి బలంతో మెరుపు సెకనులో కొన్ని వందల వంతు నుంచి వెయ్యోవంతు దాకా ఉంటే, 1/32 దగ్గర మోడల్‌ని బట్టి పదివేలో వంతు అటూఇటుగా ఉంటుంది. షట్టర్ 1/200 దగ్గరే ఉన్నా, చుట్టూ వెలుగు తక్కువగా ఉంటే ఫోటోని గీసేది ఆ మెరుపే కాబట్టి చేతి వణుకు, ఆకు ఊగడం అన్నీ ఆగిపోతాయి. ట్రైపాడ్ లేకుండా తీసే క్లోజప్‌లు అంత పదునుగా రావడం వెనకున్న రహస్యం ఇదే. మొదలుపెట్టడానికి ఐఎస్ఓ 200, ఎఫ్/11, షట్టర్ 1/200, ఫ్లాష్ 1/16 పెట్టుకుని, ఫ్లాష్ బలం ఒక్కటే మార్చుకుంటూ పొండి.

నా తప్పు ఒకటి చెప్తాను, మీరు చేయకుండా ఉండటానికి. మొదటి రోజుల్లో తెల్ల ప్లాస్టిక్ కవరుని ఫ్లాష్ మూతికి నేరుగా టేపుతో బిగించాను. దూరం నుంచి వాడుతూ పూర్తి బలంతో వరసగా నలభై యాభై మెరుపులు కొట్టాను. కాలిన వాసన వస్తుంటే ఎవరో చెత్త కాలుస్తున్నారనుకున్నాను. చూస్తే కవరు మెత్తబడి ఫ్లాష్ అద్దానికి అతుక్కుపోయి ఉంది. ఆ మరక ఇప్పటికీ పోలేదు. ప్లాస్టిక్‌కీ ఫ్లాష్‌కీ మధ్య కాస్త ఖాళీ ఉంచండి, పూర్తి బలంతో వరసగా కొట్టకండి.

ఫ్లాష్ ఫోటోల్లో నేపథ్యం నల్లబడటం మీరింకా అడగలేదు, కానీ వచ్చే వారం అడుగుతారు. దీపం దగ్గరగా ఉన్నప్పుడు వెలుగు దూరంతో పాటు గబగబా పడిపోతుంది. పురుగు దీపానికి 10 సెంటీమీటర్ల దూరంలో, వెనక పొద మీటరు దూరంలో ఉంటే, పొదకి అందేది పురుగుకి అందినదానిలో సుమారు నూరోవంతు. పగలే అయినా అర్ధరాత్రిలా వస్తుంది. దూకే సాలీడుకి ఆ నలుపు అందమే. పువ్వు మీద తేనెటీగకి మాత్రం అన్యాయం. నేనైతే రాలిన ఆకు ఒకటి బట్టల క్లిప్పుతో పురుగు వెనక పది సెంటీమీటర్ల దూరంలో నిలబెడతాను. దానికి నాలుగోవంతు వెలుగు అందుతుంది, మసకగా, పచ్చగా వస్తుంది, సహజంగానే ఉంటుంది. చెట్టు నుంచి కోయొద్దు, కింద పడ్డవే చాలు. రెండో దారి, ఐఎస్ఓ 800కి పెంచి షట్టర్ 1/60కి దించి బయటి వెలుగుని కొంచెం లోపలికి రానివ్వడం. అప్పుడు ఊగే ఆకు చుట్టూ దెయ్యంలాంటి రెండో అంచు రావచ్చు, గాలి లేని పూట చూసుకోండి.

చిన్న ఎల్ఈడీ టార్చి కూడా పనికొస్తుంది, కదలని వాటికి. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, రెండు నాలుగు సెకన్ల ఎక్స్‌పోజర్‌లో టార్చిని కాగితం వెనక నుంచి మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ ఉంటే, చిన్న దీపమే పెద్ద దీపమవుతుంది. పుట్టగొడుగులకి దీన్ని మించింది లేదు. అయితే చౌక టార్చీల రంగు నీలంగా ఉంటుంది, ఎరుపులు చచ్చిపోతాయి. వెలుగు తగ్గించి పెడితే అవి చాలా వేగంగా ఆరి వెలుగుతుంటాయి కూడా, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తక్కువ ఎక్స్‌పోజర్‌లో తీస్తే ఫోటోలో అడ్డంగా చారలు పడొచ్చు. టార్చి పూర్తి వెలుగులో పెట్టి, మెకానికల్ షట్టర్ వాడండి.

ఫోన్‌తో తీస్తే కష్టం ఇంకోరకం. మ్యాక్రో మోడ్‌లో రెండు మూడు సెంటీమీటర్ల దాకా వెళ్లాలి, అంత దగ్గరకి వెళ్తే ఫోన్ నీడే సబ్జెక్టు మీద పడుతుంది. 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్‌తో వెనక్కి జరిగి తీసి తర్వాత కత్తిరించుకోవడం మేలు. వెలుగు సంగతి మాత్రం అంతా ఒకటే, ఇంకో చేత్తో అదే కాగితం.

రింగ్ ఫ్లాష్ కొనాలా? ప్రస్తుతానికి వద్దనే అంటాను. చదునైన వస్తువుల వివరాలు స్పష్టంగా నమోదు చేయడానికి అది మంచిదే. కానీ లెన్స్ చుట్టూ అన్ని వైపుల నుంచీ వెలుగు రావడంతో నీడలు చచ్చిపోయి పురుగు చదునుగా కనిపిస్తుంది. దూకే సాలీడు ముందు కళ్లు రెండూ గాజుగోళీల్లాంటివి, వాటిలో రెండు తెల్ల ఉంగరాలు కూర్చుంటాయి. మీ పెంకు పురుగు వీపు మీద మచ్చ పోయి దాని చోట ఉంగరం వస్తుంది, అంతే తేడా. ముందు ఫోమ్ షీటుకి రంధ్రం కోసి చూరు తయారుచేసి, చెంచా మీద చూసుకుని, అదే పురుగుని మళ్లీ తీయండి. అప్పటికీ మచ్చ గట్టిగానే ఉంటే ఆ ఫోటోతో పాటు చూరు అంచు నుంచి పురుగుకి ఎన్ని సెంటీమీటర్ల దూరం ఉందో కూడా కొలిచి రాయండి.